మూడు కంప్యూటర్ల పేర్లు, యోగానంద గారి ముప్పై ఆరేళ్లు

రుహీ (మన కేంద్రం అటెండరు శ్రీమతి ఉమ్మే సల్మా గారి కుమార్తె)

1989వ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు శ్రీ యోగానంద గారు మన భూసార పరీక్షా కేంద్రంలో గుమాస్తాగా చేరారు. అప్పటికి కేంద్రానికి సొంత భవనం లేదు. పుత్తూరులో చంద్రకాంతమ్మ గారి ఇంటి ముందు భాగమే కార్యాలయం, వెనుక భాగం ఆమె నివాసం. ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవారు ఐదుగురు. వంటింట్లో చంద్రకాంతమ్మ గారు మజ్జిగ చిలుకుతున్నారు. నడవలో రసాయన పరీక్షకులు శ్రీ ప్రేమానందం గారు గాజు గొట్టాలు కడుగుతున్నారు. పంచలో కావలి సుబ్బన్న గారు రైతులు తెచ్చిన మట్టిని గోనెల మీద నీడకు ఆరబోస్తున్నారు. కిటికీ పక్క బల్ల దగ్గర టైపిస్టు కుమారి ఎస్తేరు గారు పని చేసుకుంటున్నారు. అరుగు మీద కార్వేటినగరం రైతు ఒకాయన, తన చేనులో చౌడు ఎందుకు తేలుతోందో తెలుసుకుని గాని కదలనని కూర్చుని ఉన్నారు. ఆరవవారిగా యోగానంద గారు లోపలికి వెళ్లారు. ఈ వివరాలన్నీ ఆయనే చెప్పారు. ఇన్నేళ్ల తర్వాత కూడా తడుముకోకుండా చెప్పారు గాని, ఎస్తేరు గారి పేరు దగ్గర కాసేపు ఆగారు.

ఈ వ్యాసం నిజానికి మా అమ్మ రాయవలసింది. పదిహేనేళ్లుగా యోగానంద గారితో ఒకే కప్పు కింద పనిచేస్తున్న సహోద్యోగి ఆమె. ఆమెకు తెలుగు చదవడం కొంత వచ్చు, రాయడం రాదు. యోగానంద గారి పదవీ విరమణకు కార్యాలయంలో ప్రత్యేక సంచిక వేయాలని తీర్మానించిన రోజున మేనేజరు శ్రీ అమర్‌నాథ్ గారు అమ్మను పిలిచి ఇలా అన్నారు.

“సల్మమ్మా, మీ పాప దినామూ డైరీ రాస్తాదంట గదా? ఆ పాపనే రాయమను. మేం రాస్తే అర్జీ మాదిరి ఉంటాది.”

“అది నోరు తెరిచి మాట్లాడదు సార్. మిమ్మల్ని సూస్తేనే బీరువా ఎనక్కి పోతాది.”

“మాట్లాడొద్దులే, రాయమను. మన పాత కంప్యూటర్లకు పేర్లుండాయి గదా, అవి ఎట్లొచ్చినాయో రాయమను. అందరూ కాసేపు నవ్వుకుంటారు.”

ఆ విధంగా ఈ గౌరవం నాకు దక్కింది. పెద్దవారిని నోటితో ప్రశ్నలు అడగడం నాకు చేతకాదు కాబట్టి, అడగవలసినవి చీటీల మీద రాసి యోగానంద గారి బల్ల మీద పెట్టేదాన్ని. ఆయన ఒక్క చీటీని కూడా నిర్లక్ష్యం చేయలేదు. ఇక్కడ రాసినదంతా ఆయన చదివారు. ఒక్క మాట కూడా తీసివేయవద్దని చివర సంతకం పెట్టారు.

యోగానంద గారి స్వగ్రామం నారాయణవనం దగ్గర ఒక చిన్న పల్లె. తిరుపతిలో పట్టభద్రులై, రెండేళ్లు పొలం పనులు చేసి, తరువాత ఉద్యోగంలో చేరారు. చేరిన మరుసటి సంవత్సరం, నగరి కొండ రైతు సేవా సమితి, అంటే మన కేంద్రాన్ని నడిపే సంస్థ, ఆయనను కంప్యూటరు శిక్షణ కోసం ఆరు వారాలు మద్రాసుకు పంపింది. అంతకు ముందు ఆయన టైపు యంత్రాన్ని కూడా తాకి ఎరుగరు. రెండు చూపుడు వేళ్లతో అక్షరాలు వెతుక్కుంటుంటే చూడలేక, ప్రయాణానికి ముందు నెల రోజులు ఎస్తేరు గారు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పారు. ఆయన చేతుల మీద తువ్వాలు కప్పి, చూడకుండా కొట్టమనేవారట. “నాకు పది వేళ్లు ఉండాయని గుర్తు సేసింది ఆయమ్మే” అని యోగానంద గారు నాతో అన్నారు.

1991లో మొదటి కంప్యూటరు వచ్చింది. నల్లని తెర మీద పచ్చని అక్షరాలు వచ్చే యంత్రం అది. దానిని మద్రాసు నుంచి చెక్కపెట్టెలో లారీ మీద తెచ్చిన డ్రైవరు పేరు చెంగల్రాయుడు. పెట్టె దించగానే సంతకం తీసుకుని వెళ్లిపోవలసిన ఆయన అరుగు మీద చతికిలబడ్డారు.

“ఏమప్పా, ఇంగ పోకూడదా?” అని సుబ్బన్న గారు అడిగారట.

“గుంతల్లో గుడ్డు మాదిరి పట్టుకొచ్చినా దీన్ని. ఎలగకపోతే పగలగొట్టినావని రేపు నా మీదే పెడతారు. ఎలిగేది సూసే పోతా.”

అది వెలగలేదు. చుట్టుపక్కల చేలలో మోటార్లు తిరుగుతున్నంతసేపు ఆ వీధికి వచ్చే కరెంటు దీపానికే చాలేది కాదు. చెంగల్రాయుడు గారు చంద్రకాంతమ్మ గారి ఇంట్లోనే సంగటి తిని, మరునాడు కూడా అక్కడే ఉన్నారు. రెండవ రోజు మధ్యాహ్నం త్రీఫేజ్ కరెంటు తీసేశాక మోటార్లన్నీ ఆగిపోయి, ఇంట్లో దీపం కాంతి పెరిగింది. అప్పుడు యోగానంద గారు మీట నొక్కితే పచ్చని అక్షరాలు కనిపించాయి. చెంగల్రాయుడు గారు తలపాగా తీసి, యంత్రానికి దండం పెట్టి, లారీ ఎక్కి వెళ్లారు. ఆ తరువాత కూడా ఆ యంత్రం తనకిష్టమైన వేళ తప్ప వెలిగేది కాదు. “ఆయప్ప మాదిరే ఇది గూడా మొండిది” అన్నారు చంద్రకాంతమ్మ గారు. ప్రేమానందం గారు పసుపు రంగు ఎనామిల్ పెయింటుతో దాని నుదుట ‘చెంగల్రాయుడు’ అని రాశారు. మన వెనుక గదిలో సిమెంటు అలమర మీద ఉన్న ఆ యంత్రానికి ఈనాటికీ ఆ రంగు చెదరలేదు.

రెండవ కంప్యూటరు 1996 మే నెలలో, తిరుపతిలో గంగమ్మ జాతర జరుగుతున్న వారంలో వచ్చింది. రోహిణి ఎండలకు గది పొయ్యిలా ఉండేది. యంత్రం గంట సేపు పనిచేసి బిగుసుకుపోయేది. తడిపిన గోనెపట్టాలు కిటికీలకు కట్టాలని మొదట చెప్పినది సుబ్బన్న గారు.

“అమ్మకు వేడి సేసినాది. సల్లబరిస్తే అదే పలుకుతాది.”

“సుబ్బన్నా, జాతరలో మాదిరి దాని మీద మాత్రం అంబలి పోయొద్దబ్బా” అన్నారట ఎస్తేరు గారు.

అందరూ నవ్వారు. గోనెపట్టాలు మాత్రం కట్టారు, యంత్రం పనిచేసింది. దాని నుదుట ‘గంగులమ్మ’ అని రాశారు. యోగానంద గారు ఆ ఎండాకాలమంతా గంటకొకసారి స్వయంగా పట్టాలు తడిపేవారు. ఆ యంత్రంలో చేర్చిన ఫలితాల సహాయంతోనే నాలుగు మండలాల్లో ఏ చేను ఏటేటా చౌడు బారుతోందో, ఎక్కడ జిప్సం వేయాలో, ఎక్కడ వేయనక్కరలేదో రైతుకు పదేళ్ల చరిత్ర చూపించి చెప్పగలిగే స్థితికి మన కేంద్రం వచ్చింది. జిల్లాలో మరెక్కడా ఆనాడు అటువంటి సదుపాయం లేదని ప్రేమానందం గారు చెప్పేవారట. ఆ కీర్తిలో అధిక భాగం యోగానంద గారిది. దానిలో సగం ఎస్తేరు గారిదని ఆయన ఇప్పుడు నన్ను రాయమన్నారు. మట్టి ఫలితాలన్నీ యంత్రంలోకి ఎక్కించినవి ఆమె వేళ్లే.

ఇక మూడవ కంప్యూటరు. దాని నుదుట ‘ఎస్తేరు’ అని ఉంది.

నేను మూడవ తరగతి నుంచి, మా ఊరి బడి వదిలాక బస్సు దిగి కార్యాలయానికి వచ్చి, అమ్మ పని ముగిసేదాకా ఆ వెనుక గదిలో హోంవర్కు చేసుకునేదాన్ని. ఆ పేరు రోజూ చూసేదాన్ని. ఎవరైనా కాగితం పోగొట్టుకుంటే “ఎస్తేరు మింగేసినాది” అనడం మన కార్యాలయంలో అలవాటు. ఎవరైనా అడిగినదానికి జవాబు చెప్పలేక నిలబడితే “ఏందిమే, ఎస్తేరు మాదిరి ఖాళీగా సూస్తావు” అంటారు. ఒకసారి నా పెన్సిలు పోతే నేను కూడా ఆ మాట అన్నాను. ఎస్తేరు ఎవరని అమ్మను అడిగితే, “నేను రాకముందు ఉన్నిందంట, టైపిస్టు. పదేళ్ల ఫలితాలు పోగొట్టి పోయిందంట” అంది. అమ్మకు తెలిసినది అంతే. ఒక్క యోగానంద గారు మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు. ఆ యంత్రాన్ని ఆయన ‘మూడోది’ అనేవారు.

ఈ ఏడాది జూన్ పద్దెనిమిదవ తేదీన నేను చీటీ మీద ఇలా రాసి ఆయన బల్ల మీద పెట్టాను: “సార్, మూడవ కంప్యూటరుకు ఎస్తేరు అనే పేరు ఎలా వచ్చింది?” ఆయన అది చదివి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో ఉంచుకున్నారు. “రేపు సెప్తా పాపా. మీ అమ్మను, అమర్‌నాథును గూడా కూర్చోబెట్టి సెప్తా” అన్నారు.

మరునాడు మధ్యాహ్నం ఆయన మా ముగ్గురికీ చెప్పినది, నా డైరీలో రాసుకున్న ప్రకారం ఇక్కడ పొందుపరుస్తున్నాను.

2001 సెప్టెంబరులో మూడవ కంప్యూటరు వచ్చింది. గంగులమ్మను వేరే శాఖకు ఇచ్చేయాలని, అందులోని పదేళ్ల ఫలితాలను ఫ్లాపీల మీదికి ఎక్కించి కొత్తదానిలో చేర్చాలని నిర్ణయించారు. ఎస్తేరు గారు మూడు వారాలు కూర్చుని పన్నెండు ఫ్లాపీలు ఎక్కించారు. ఒక్కొక్కటీ తిరిగి తెరిచి చూసి, సరిగా ఉందని తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. అన్నీ రేకు డబ్బాలో పెట్టి తాళం వేశారు. ఆ తరువాత గంగులమ్మను ఖాళీ చేశారు. పాత కాగితాల పుస్తకాలను అప్పటికే చెదలు తిన్నాయి. కాబట్టి పదేళ్ల మట్టి చరిత్ర అంతా ఆ రేకు డబ్బాలోనే ఉంది.

ఆ వారంలో ఆయుధ పూజ వచ్చింది. ఆ పండుగ మన కేంద్రంలో చిన్నదేమీ కాదు. తూకపు రాళ్ల నుంచి కంప్యూటరు దాకా ప్రతి పనిముట్టునూ కడిగి బొట్టు పెట్టి, నడవలో వరుసగా పేర్చి, హారతి ఇచ్చేటప్పుడు తిరిగే యంత్రాలన్నింటినీ ఒకసారి తిప్పడం ఆనవాయితీ. అలంకరణ ప్రతి ఏటా యోగానంద గారిదే. ఎస్తేరు గారు చర్చికి వెళ్లే కుటుంబం నుంచి వచ్చినవారు. పూజ రోజున ఉదయం వచ్చి, తన బల్ల తుడుచుకుని, అందరికీ చెప్పి వెళ్లిపోయేవారు. ఆ ఏడు వెళ్తూ, ఫ్లాపీల డబ్బా తాళం యోగానంద గారి చేతిలో పెట్టారు.

మట్టిని నీటిలో కలిపే యంత్రం ఒకటి ప్రేమానందం గారి బల్ల మీద ఉండేది. దాని పైభాగం పీటలా చదునుగా, తెల్లగా ఉంటుంది. దాని మీద గాజు పాత్ర పెట్టి మీట నొక్కితే లోపలి మట్టినీళ్లు సుడి తిరుగుతాయి. యోగానంద గారికి అది చాలా అందంగా తోచింది. పన్నెండు ఫ్లాపీలనూ డబ్బాలోంచి తీసి, ఆ యంత్రాన్నే పీటగా చేసి, దాని మీద పేర్చి, పసుపు కుంకుమలు పెట్టి, పైన చేమంతులు ఉంచారు. హారతి వేళ అన్ని యంత్రాలతో పాటు దానినీ తిప్పారు. పూజ అయ్యాక ఫ్లాపీలు తుడిచి డబ్బాలో పెట్టి తాళం వేశారు.

సెలవుల తరువాత ఎస్తేరు గారు మొదటి ఫ్లాపీని కొత్త కంప్యూటరులో పెట్టారు. అందులో ఏమీ లేదు. రెండవదానిలోనూ లేదు. పన్నెండూ అంతే.

“నేను ఎక్కించినా సార్. ఒక్కోటి తెరిచి సూసినా” అని ఆమె అప్పటి అధికారితో అన్నారు. ఎక్కించి ఉంటే ఎక్కడికి పోతాయని ఆయన అడిగారు. మూడు వారాలు ఊరికే కూర్చుని, పని అయిందని చెప్పి ఉంటుందని కొందరు అన్నారు. ఆమె నోటుపుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎవరూ దానిని తెరవలేదు. డిసెంబరు తరువాత హాజరు పట్టీలో ఆమె పేరు లేదు. లోపల ఏమీ లేకుండా మిగిలిపోయిన ఆ కొత్త యంత్రానికి ఎవరో నవ్వులాటకు ఆమె పేరు పెట్టారు. ప్రేమానందం గారు మిగిలిన రెండింటి మీద రాసినట్టే దాని మీదా రాశారు.

ఇంతవరకు చెప్పి యోగానంద గారు మంచినీళ్లు తాగారు. అమర్‌నాథ్ గారు అడిగారు:

“అంటే… ఏమైనట్టు సార్?”

“రెండువేల నాలుగులో ఆ కలిపే మిషను చెడిపోయింది. తిరుపతి నుంచి మెకానిక్ వచ్చినాడు. అడుగు ఊడదీసినాడు. లోపల ఇంత లావు అయస్కాంతం ఉండాది. ఆయప్ప స్క్రూడ్రైవరు ఠక్కున దానికి అతుక్కునింది. నేను పక్కనే నిలబడి ఉండా.”

“ఆ…” అన్నారు అమర్‌నాథ్ గారు.

“అయస్కాంతం దగ్గర ఫ్లాపీ పెట్టకూడదని మద్రాసులో నాకు మొదటి దినమే సెప్పినారప్పా. ఆ మిషను కడుపులో అయస్కాంతం ఉండేది నాకు తెలీదు. ప్రేమానందానికి అది తెలుసు, ఫ్లాపీ సంగతి తెలీదు. మిషను బాగైనాక ఒక మంచి ఫ్లాపీ దాని మీద పెట్టి తిప్పి సూసినా. తెల్లగా తుడిచి పెట్టినట్టు ఉండాది. ఎస్తేరు సరిగ్గానే ఎక్కించింది. పోగొట్టింది నేను.”

మా అమ్మ చేతిలోని టీ పళ్లెం కింద పెట్టింది.

“ఎవరికీ సెప్పలేదా సార్?” అని అమర్‌నాథ్ గారు మెల్లగా అడిగారు.

“లేదు. తెలిసి ఇరవై ఒక్క ఏడు. సత్యవేడులో ఉండాదని తెలిసి మూడుసార్లు పోయినా. మూడుసార్లూ బస్టాండులోంచే తిరిగొచ్చినా.”

మన కేంద్రంలో యోగానంద గారి పేరు చెబితే అందరికీ మొదట గుర్తుకు వచ్చేది ఆయన సైకిలు. పోయిన ఫలితాల స్థానంలో మళ్లీ మట్టి సేకరించాలని 2002లో సమితి యోగానంద గారితో సహా ముగ్గురికి ఆదేశం ఇచ్చింది. రెండేళ్లలో మిగిలిన ఇద్దరూ మానుకున్నారు. 2004 తరువాత యోగానంద గారు ఒక్కరే ఆదివారాలు సైకిలు వెనుక గుడ్డసంచులు కట్టుకుని, ఊరూరూ తిరిగి, గట్టు మీద రైతు పేరు అడిగి, నాలుగు మూలలా జానెడు లోతు తవ్వి మట్టి తెచ్చారు. 2009 నాటికి రెండువేల మూడువందల చేలు పూర్తి చేశారు. అందుకు సమితి వారు ఆయనను వేదిక మీద శాలువాతో సత్కరించారు. ఆయన కర్తవ్యదీక్షకు అదే గొప్ప నిదర్శనమని నేను ఒక పేజీ రాసి ఉంచుకున్నాను. ఆ రోజు దానిని ఆయనకు చూపించాను. ఆయన చదివి తిరిగి ఇచ్చారు.

“సైకిలు తొక్కింది నిజమే పాపా. ఎందుకు తొక్కినానో గూడా రాయి. ఆ శాలువా నేను ఒకసారి గూడా కప్పుకోలేదు.”

అమర్‌నాథ్ గారు కుర్చీలో కదిలారు.

“సార్, ఇది పండగ మాదిరి సేస్తా ఉండాం. మీ ఇంట్లోవాళ్లు, కొత్తగా సేరిన పిల్లోళ్లు అందరూ సదువుతారు. ముప్పై ఆరేండ్ల మంచి పేరు. ఇప్పుడు ఇదంతా అచ్చేసుకుంటే ఏమొస్తాది?”

“ఆయమ్మ పేరు ఆయమ్మకు వస్తాది.”

“మేం నోటితో సెప్పుకుంటాం సార్. ఇంగ ఎవరూ ఆ మాట అనకుండా సూస్తాం.”

“నోటితో పోలేదు అమర్‌నాథూ, నుదుట రాసి పెట్టినాం. కాగితం మీదే రావాల. లేదంటే నాకు సంచికా వద్దు, సభా వద్దు. జూలై ముప్పై ఒకటో తేదీ తాళాలిచ్చి బస్సెక్కి పోతా.”

అప్పుడు అమర్‌నాథ్ గారు న్యాయమైన మాట ఒకటి అన్నారు. ఇది ఎస్తేరు గారి సంగతి కూడా కాబట్టి, ఆమెకు వినిపించి, ఆమె సరేనంటేనే అచ్చు వేయాలి. ఆమె వద్దంటే ఎవరూ వేయకూడదు. యోగానంద గారు అందుకు ఒప్పుకున్నారు. రాసిన దానివి కాబట్టి నువ్వే చదివి వినిపించాలని నాతో అన్నారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూసి, “నేనూ వస్తాలే” అంది.

సంచిక సంప్రదాయం ప్రకారం మిగిలిన సంవత్సరాలను కూడా ఇక్కడ నమోదు చేయాలి. 2010లో కేంద్రం సొంత భవనంలోకి మారినప్పుడు, వేరే శాఖ నుంచి తిరిగి వచ్చిన గంగులమ్మతో సహా పనికిరాని మూడు కంప్యూటర్లనూ పాత సామానుకు వేయకుండా సిమెంటు అలమర కట్టించి నిలిపినవారు యోగానంద గారు. 2014లో ఆయన కంప్యూటరు విభాగానికి అధిపతి అయ్యారు. ఏ ఫలితమైనా మూడు చోట్ల భద్రపరచాలని, ఏదైనా పోతే మనిషిని ప్రశ్నించే ముందు యంత్రాన్ని పరీక్షించాలని ఆయన పెట్టిన నియమాలు ఇప్పటికీ గోడ మీద ఉన్నాయి. కొత్తగా చేరినవారిలో ఎవరు తప్పు చేసినా ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. మా అమ్మ ఒకసారి పరీక్షకు పెట్టిన మట్టి పళ్లేలు పొరపాటున కడిగేస్తే, “సల్మా, ఏ ఊరివో గుర్తుండాయా? నేను పోయి మళ్లీ తెస్తాలే” అని బయలుదేరారు. అంత ఓర్పు ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందా అని అమ్మ చాలాసార్లు అనేది.

జూలై పదమూడవ తేదీ ఆదివారం మధ్యాహ్నం యోగానంద గారు, అమ్మ, నేను ముగ్గురం సత్యవేడు వెళ్లాము. ఎస్తేరు గారి అమ్మాయి ఆ దగ్గరలోని శ్రీసిటీలో ఒక కర్మాగారంలో పనిచేస్తారు. తల్లీకూతుళ్లిద్దరూ సత్యవేడులోనే ఒక చిన్న ఇంట్లో ఉంటున్నారు. బస్టాండు దాటాక యోగానంద గారి నడక నెమ్మదించింది. అయినా ఆగలేదు. వీధి మొదట్లో ఒక అంగడి పంచన మాత్రం నిలబడిపోయారు.

“మీరు పోండి. ఆయమ్మ పిలిస్తే వస్తా. పిలవకుండా గడప తొక్కే ముఖం నాకు లేదు.”

తలుపు తీసినది ఎస్తేరు గారే. చర్చి నుంచి వచ్చి ఇంకా తెల్లచీర మార్చుకోలేదు. జుట్టు పూర్తిగా నెరిసింది. మేము పుత్తూరు భూసార కేంద్రం నుంచి వచ్చామని అమ్మ చెప్పగానే ఆమె చేయి తలుపు మీదికి వెళ్లింది.

“ఏంటికి?”

“యోగానంద సార్ రిటైరవుతా ఉండాడమ్మా. మా పాప ఆయన గురించి రాసినాది. దాంట్లో మీ సంగతి ఉండాది. మీకు సదివి వినిపించమన్నారు.”

“నా సంగతి మీ ఆఫీసులో అందరూ సదివినారు గదా. ఇంగేముండాది సదివేదానికి?”

నేను కాగితాలు తీశాను. నా గొంతు నాకే వినపడలేదు. “గట్టిగా సదువు బేటా” అని అమ్మ వెనుక నుంచి అంది. పన్నెండు ఫ్లాపీల దగ్గర నుంచి మొదలుపెట్టి, పూజ, కలిపే యంత్రం, అయస్కాంతం, ఆయన మాటలు, అన్నీ గడప బయట నిలబడి చదివాను. ఆమె తలుపు సగం తెరిచి పట్టుకుని విన్నారు. ముగించాక నా చేతిలోని కాగితాల వైపు వేలు చూపారు.

“‘సరిగ్గానే ఎక్కించింది’ అని ఉండాదే, ఆడ మళ్లీ సదువు.”

మళ్లీ చదివాను.

“ఇంగోసారి.”

ఇంకోసారి చదివాను. ఆమె కొంగుతో పెదవులు ఒత్తుకున్నారు.

“మా నాయన సచ్చిపోయేదాకా నన్ను అడగతానే ఉన్న్యాడు, నిజంగా ఎక్కించినావా అమ్మే అని. మా నాయన గూడా.”

కంప్యూటరు మీది ఆమె పేరును చెరిపేయించాలని యోగానంద గారు అనుకుంటున్నట్టు నేను చెప్పాను. కాగితం చూడకుండా నేను ఆమెతో అన్న మొదటి మాట అదే.

“సెరపొద్దు. అది నా పేరు. ఏమిటికి సెరపాల? దాని కిందనే రాయించు. పన్నెండు ఫ్లాపీలూ సరిగ్గా ఎక్కించినామె పేరు ఇది అని, అదే పసుపు రంగుతో రాయించు. పేరు ఎట్లొచ్చిందని ఎవరన్నా అడిగితే ఇట్లొచ్చిందని సెప్పండి.”

“సరేనమ్మా. అచ్చు వేయించేదా?”

“ఒక్క అక్షరం తీయకుండా ఏయించు.”

నేను కూడా చిన్నప్పుడు ఆ మాట అన్నానని, తప్పయిపోయిందని చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసి, వేరే మాట అడిగారు.

“ఆయన వచ్చినాడా?”

“వీధి మొదట్లో ఉన్నారు. పిలిస్తే వస్తామన్నారు.”

ఆమె మెడ చాచి వీధి వైపు చూశారు. అంగడి పంచన యోగానంద గారు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె చూపు తిప్పుకున్నారు.

“సభకు రండమ్మా” అంది మా అమ్మ. “మీకు గూడా కుర్సీ ఏస్తాం.”

“రాను. నేను కూర్సొని ఆయనకు సప్పట్లు కొట్టలేను.” తరువాత నన్ను అడిగారు: “రాసింది అయిపోయిందా? ఇంగేమన్నా రాయాల్నా?”

“చివర సార్ ఆయురారోగ్యాలతో చాలాకాలం ఉండాలని రాయాలమ్మా. అది ఇంకా రాయలేదు.”

“రాయి” అన్నారు ఆమె. “నూరేండ్లు ఉండాలని రాయి. కాళ్లు సేతులు బాగుండి, జబ్బు గిబ్బు రాకుండా, బుద్ధి తెలివిగా, ఏదీ మరిచిపోకుండా నూరేండ్లు ఉండాల. నేనూ దినామూ దానికే ప్రార్థన సేస్తా.”

అని చెప్పి ఆమె తలుపు వేసుకున్నారు.